అమ్మిందెవరో తెలుసు, మధ్యలో ముట్టిందెవరు?

1984లో మాస్కోలోని అమెరికా రాయబార కార్యాలయం నుంచి దాదాపు 11 టన్నుల సామాను స్వదేశానికి తిరుగు ప్రయాణం కట్టింది. టైప్‌రైటర్లు, టెలిప్రింటర్లు, సంకేత యంత్రాలు, ప్రింటర్లు, కంప్యూటర్లు... రహస్య సమాచారం నడిచే గదుల్లో కరెంటుతో పనిచేసే వస్తువు దేన్నీ వదల్లేదు. ఒక మిత్రదేశం తన టెలిప్రింటర్‌లో ఎవరో దాచిపెట్టిన పరికరాన్ని కనిపెట్టి ఆ సంగతి అమెరికా చెవిన వేయడంతో మొదలైన తతంగం ఇది. అధ్యక్షుడు రీగన్ స్వయంగా అనుమతి ఇచ్చాడు. అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎన్ఎస్ఏ దీనికి 'గన్‌మ్యాన్' అని పేరు పెట్టుకుంది. తన పార్కింగ్ స్థలంలో ట్రైలర్లు నిలిపి, వచ్చిన యంత్రాలను విప్పుతూ, ఎక్స్‌రే తీస్తూ వెతికింది. ఏదైనా పట్టుకున్నవారికి 5000 డాలర్ల బహుమానం కూడా ప్రకటించింది. వారాలు గడిచినా ఏమీ దొరకలేదు. జూలై 23 సాయంత్రం, ఒక ఐబీఎం సెలెక్ట్రిక్ టైప్‌రైటర్ ఎక్స్‌రేలో, ఉండకూడని చోట ఒక తీగచుట్ట కనిపించింది.

సెలెక్ట్రిక్ తీరు వేరు. మీట నొక్కగానే ఒక కడ్డీ లేచి కాగితాన్ని కొట్టడం ఇందులో ఉండదు. అక్షరాలన్నీ గోల్ఫ్ బంతంత గుండు మీద ఉబ్బెత్తుగా ఉంటాయి. నొక్కిన అక్షరం కాగితం వైపు వచ్చేలా ఆ గుండు తిరిగి, వంగి, కొడుతుంది. ఎంత తిరగాలో, ఎంత వంగాలో లోపలున్న ఆరు లోహపు పట్టీల కదలిక తేలుస్తుంది. వాటిలో ఏవి కదిలాయో, ఏవి నిలిచిపోయాయో తెలిస్తే ఏ అక్షరం పడిందో చెప్పేయొచ్చు. 1961లో మార్కెట్లోకి వచ్చిన ఈ యంత్రం కడుపులో, దాన్ని తయారుచేసినవాళ్లు ఆ దృష్టితో చూడకపోయినా, ఒక డిజిటల్ సంకేతం నడుస్తోందన్నమాట.

సోవియట్ ఇంజినీర్లు ఆ కిటుకు పట్టుకున్నారు. కదిలే భాగాలకు చిన్న అయస్కాంతాలు అమర్చారు. లోపల ఆధారంగా ఉండే ఒక అల్యూమినియం కడ్డీని తీసేసి, అచ్చం అలాగే కనిపించే బోలు కడ్డీ పెట్టారు. అయస్కాంతాల కదలికను పసిగట్టే సెన్సర్లు, వాటి సర్క్యూట్లు ఆ బోలులో ఇమిడిపోయాయి. పడిన అక్షరాల గుర్తులను కొంతసేపు దాచుకుని, చిటికెలో రేడియో తరంగాలుగా బయటికి వదిలేది ఆ పరికరం. అదీ స్థానిక టీవీ ప్రసారాల పౌనఃపున్యాల పక్కనే. తనిఖీ పరికరాలతో వెతికినవాళ్లు ఏదో టీవీ సందడి అనుకుని వెళ్లిపోవాలని ఆ ఏర్పాటు. మాస్కో, లెనిన్‌గ్రాడ్ కార్యాలయాల్లో కలిపి ఇలాంటివి 16 బయటపడ్డాయి. వాటిలో పాతవి 1976 నాటివి. సంకేత యంత్రాలు ఎంత గట్టివైతే మాత్రం ఏం లాభం? సందేశం సంకేతంగా మారకముందే, టైపవుతుండగానే గోడ దాటిపోతోంది.

ఆ టైప్‌రైటర్ రష్యాది కాదు. అమెరికా కంపెనీ తయారుచేసి, అమెరికా ప్రభుత్వానికే అమ్మిన సొంత సరుకు. ఫ్యాక్టరీ నుంచి గుమస్తా బల్ల మీదికి వచ్చే దారిలో, సోవియట్ కస్టమ్స్ చేతుల్లో ఉన్న కాసేపట్లో ఎవరో విప్పి మళ్లీ బిగించి ఉంటారన్నది ఎన్ఎస్ఏ అంచనా.

సరిగ్గా 22 ఏళ్ల తర్వాత, ఆ రాయబార కార్యాలయాన్ని నడిపే అమెరికా విదేశాంగ శాఖ అదే ఐబీఎం వంశానికి చెందిన యంత్రాల విషయంలో మళ్లీ వార్తలకెక్కింది. చైనా కంపెనీ లెనోవో 2005లో ఐబీఎం వ్యక్తిగత కంప్యూటర్ల వ్యాపారాన్ని 175 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. థింక్‌ప్యాడ్ పేరు కూడా దానితోపాటే వెళ్లిపోయింది. మరుసటి ఏడాది విదేశాంగ శాఖ సుమారు 16,000 లెనోవో కంప్యూటర్లకు ఆర్డరిచ్చింది. విలువ కోటీ 30 లక్షల డాలర్ల పైమాటే. అందులో ఒక 900 యంత్రాలు రాయబార కార్యాలయాలను కలిపే రహస్య నెట్‌వర్కుకు వెళ్లాల్సి ఉంది. లెనోవో మాతృసంస్థలో చైనా సైన్స్ అకాడమీకి వాటా ఉంది. ఆ అకాడమీ ప్రభుత్వానిది. వర్జీనియాకు చెందిన కాంగ్రెస్ సభ్యుడు ఫ్రాంక్ వుల్ఫ్ గొడవ లేవనెత్తాడు. ఇవి నార్త్ కరోలినాలో, మెక్సికోలో బిగించిన కంప్యూటర్లని కంపెనీ మొత్తుకుంది. చివరికి 2006 మేలో శాఖ ఒక మధ్యేమార్గం పట్టింది: కొన్నవి కొన్నట్టే ఉంటాయి, కానీ ఒక్కటి కూడా రహస్య నెట్‌వర్కుకు తగిలించరు.

అప్పట్లో దీన్ని చైనా మీద ఉలికిపాటుగా, ఎన్నికల ఏడాది నాటకంగా కొట్టిపారేసినవాళ్లు చాలామందే. ఆ యంత్రాల్లో దొంగ పరికరం ఉందని ఎవరూ చూపించలేదన్నది నిజమే. అయితే లేదని చూపించడం ఎలా? చిక్కంతా ఇక్కడే ఉంది.

సెలెక్ట్రిక్‌లో లెక్కపెట్టగలిగినన్ని భాగాలున్నాయి. మంచి యంత్రాన్ని పక్కన పెట్టి, రెండింటికీ ఎక్స్‌రే తీసి, తేడా చూడొచ్చు. ఈనాటి ప్రాసెసర్‌లో వందల కోట్ల ట్రాన్సిస్టర్లుంటాయి. పైగా మనం కంప్యూటర్ అనుకునేది ఒక్క కంప్యూటర్ కాదు. పవర్ బటన్ నొక్కగానే మొదట మేలుకునేది విండోస్ కాదు. మదర్‌బోర్డు మీది ఫర్మ్‌వేర్. హార్డ్ డిస్క్‌కు సొంత ప్రాసెసరు, సొంత ప్రోగ్రాము ఉంటాయి. వైఫై కార్డుకు, కీబోర్డుకు, ఆఖరికి బ్యాటరీకి కూడా ఏదో ఒక చిన్న బుర్ర ఉంటుంది. ఇంటెల్ చిప్‌సెట్లలో 'మేనేజ్‌మెంట్ ఇంజిన్' అనే మరో కంప్యూటర్ దాగి ఉంటుంది. ల్యాప్‌టాప్ ఆపేసినా, ప్లగ్గు తగిలించి ఉంటే అది మేలుకుని ఉండగలదు. దాని మీద ఆపరేటింగ్ సిస్టమ్‌కు అజమాయిషీ లేదు. 2017లో రష్యా భద్రతా పరిశోధకులు దాని ఫర్మ్‌వేర్ తవ్వుతుంటే ఒక స్విచ్ బయటపడింది. కంప్యూటర్‌ను మేలుకొలిపే పని అయ్యాక ఆ ఇంజిన్‌ను నిద్రపుచ్చే స్విచ్ అది. అమెరికా ప్రభుత్వపు ఒక ఉన్నత భద్రతా కార్యక్రమం కోసం పెట్టామని ఇంటెల్ ఒప్పుకుంది. తన సొంత దేశపు చిప్‌నే ఆ ప్రభుత్వం గుడ్డిగా నమ్మలేదని ఆ ఒక్క స్విచ్ చెబుతోంది. దుకాణంలో ల్యాప్‌టాప్ కొన్న మామూలు మనిషికి అలాంటి స్విచ్ ఉందని చెప్పినవాళ్లే లేరు.

ఇక చిప్ లోపలికే దిగితే పరిస్థితి మరీ ఇబ్బందికరం. 2016లో మిచిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక ప్రాసెసర్ డిజైన్‌లో, అచ్చుకు వెళ్లే చివరి దశలో, అతి చిన్న అదనపు సర్క్యూట్ ఒకటి చేర్చి చూపించారు. అందులో ముఖ్యమైనది ఒక కెపాసిటర్. దగ్గరున్న ఒక తీగలో సంకేతం మారినప్పుడల్లా దానిలోకి కాస్త విద్యుదావేశం చేరుతుంది, చేరిందే కారిపోతూ ఉంటుంది. చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. గబగబా పోస్తే తప్ప నిండదు. మామూలు ప్రోగ్రాములు ఎంతసేపు నడిచినా అది నిండదు. దాని గుట్టు తెలిసినవాడు రాసిన ప్రోగ్రాం మాత్రం ఆ తీగను ఆపకుండా వేగంగా కదిపి కుండ నింపేస్తుంది. నిండగానే ఒక బిట్ తిరగబడుతుంది, మామూలు యూజర్‌కు యంత్రం మీద సర్వాధికారాలు వచ్చేస్తాయి. ఫ్యాక్టరీ పరీక్షల్లో ఇది బయటపడే అవకాశం దాదాపు లేదు. పరీక్ష పెట్టేవాడికి ఏం వెతకాలో తెలియదు గదా.

చిప్పులు వదిలేసి సాఫ్ట్‌వేర్ చూస్తే సరిపోతుందా, సోర్స్ కోడ్ చేతికిస్తే చదివి తేల్చుకోలేమా అని అడగొచ్చు. దీనికి జవాబు గన్‌మ్యాన్ బయటపడిన 1984లోనే అచ్చయింది. యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ ట్యూరింగ్ అవార్డు అందుకుంటూ చేసిన ప్రసంగం ఆ ఏడాది ఆగస్టులో ఒక కంప్యూటర్ పత్రికలో వచ్చింది. మూడు పేజీల వ్యాసం. ప్రోగ్రామర్ రాసిన సోర్స్ కోడ్‌ను యంత్ర భాషలోకి మార్చే ప్రోగ్రాంను కంపైలర్ అంటారు. థాంప్సన్ ఆ కంపైలర్‌కు రెండు దొంగ బుద్ధులు నేర్పాడు. పాస్‌వర్డ్ అడిగే లాగిన్ ప్రోగ్రాం తన చేతికొస్తే, దానిలో ఒక రహస్య పాస్‌వర్డ్ కూడా చెల్లేలా మార్చేయడం మొదటిది. కంపైలర్ సోర్స్ కోడే తన చేతికొస్తే, తయారయ్యే కొత్త కంపైలర్‌లో ఈ రెండు బుద్ధులనూ మళ్లీ పెట్టేయడం రెండోది. తర్వాత సోర్స్ కోడ్‌లోంచి ఆ వరుసలు చెరిపేస్తే చాలు. ఎవరు ఎన్నిసార్లు చదివినా కోడ్ కడిగిన ముత్యం. లాగిన్‌లోనూ ఏమీ ఉండదు, కంపైలర్‌లోనూ ఏమీ ఉండదు. దొంగతనం మాత్రం తరం నుంచి తరానికి సాగిపోతూనే ఉంటుంది. సొంతంగా పూర్తిగా రాసుకోని కోడ్‌ను నమ్మలేం అని థాంప్సన్ తేల్చాడు. సొంతంగా పూర్తిగా రాసుకోగలిగిన వాడు ఇప్పుడు భూమ్మీద లేడు.

ఇది సిద్ధాంతం అనుకునేవాళ్లు బ్రిటన్ అనుభవం చూడాలి. ఆక్స్‌ఫర్డ్ దగ్గరి బాన్‌బరీ ఊళ్లో 2010లో ఒక పరీక్షా కేంద్రం తెరిచారు. చైనా కంపెనీ హువావే అమ్మే టెలికాం పరికరాల సోర్స్ కోడ్‌ను బ్రిటన్ నిపుణులు అక్కడ చదువుతారు, ఖర్చు హువావేది. మొబైల్ టవర్ దగ్గరి పెట్టె కూడా కంప్యూటరే కాబట్టి ఈ కథ మనకు అక్కరకొస్తుంది. ఏళ్ల తరబడి చదివాక 2019లో వచ్చిన నివేదికలో చైనా గూఢచారుల జాడ కనబడలేదు. కనిపించింది మరొకటి: ఇంజినీరింగ్ చెత్తగా ఉంది. ఒకే పరికరపు సాఫ్ట్‌వేర్‌లో ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌కు 4 వేర్వేరు వెర్షన్లు, మొత్తం 70 పూర్తి ప్రతులు ఉన్నాయి. పాత లోపాలు తెలిసిన వెర్షన్లూ వాటిలో ఉన్నాయి. ఇంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి. తాము చదివిన సోర్స్ కోడ్ నుంచే, టవర్ల దగ్గర నడుస్తున్న సాఫ్ట్‌వేర్ పుట్టిందని ఆ నిపుణులు రూఢి చేసుకోలేకపోయారు. ఒకే కోడ్‌ను రెండుసార్లు కంపైల్ చేస్తే రెండుసార్లూ ఒక్క బిట్ తేడా లేకుండా ఒకే ఫలితం రావాలి. అలా వచ్చే పద్ధతి హువావే దగ్గర సరిగా లేదు. అలాంటప్పుడు చదివింది ఒకటి, నడిచేది ఇంకొకటి కావచ్చు.

నా మటుకు నేను ప్రభుత్వాలు గూఢచారి చిప్ గురించి పెట్టుకున్న భయంలో సగమైనా ఈ చెత్త ఇంజినీరింగ్ మీద పెట్టుకుంటే బాగుండుననుకుంటాను. లెనోవో కథలోనే దీనికి దృష్టాంతం ఉంది. 2014 చివర్లో అమ్మిన కొన్ని గృహవినియోగ ల్యాప్‌టాప్‌లలో కంపెనీ సూపర్‌ఫిష్ అనే ప్రకటనల సాఫ్ట్‌వేర్‌ను ముందుగానే ఎక్కించింది. మీరు చూసే వెబ్ పేజీల్లో తనకు నచ్చిన ప్రకటనలు దూర్చడం దాని పని. తాళం గుర్తున్న సురక్షిత పేజీల్లోకి దూరాలంటే మధ్యలో కూర్చుని ఆ తాళం తీయాలి. అందుకోసం అది ప్రతి ల్యాప్‌టాప్‌లో ఒక దొంగ ధ్రువపత్రాన్ని పాతింది. బ్యాంకు వెబ్‌సైట్ వచ్చినా, అది అసలుదే అని బ్రౌజర్‌కు సర్టిఫై చేసేది ఈ సాఫ్ట్‌వేరే. పైగా అన్ని ల్యాప్‌టాప్‌లకూ ఒకటే రహస్య తాళంచెవి. దానికి కాపలాగా పెట్టిన పాస్‌వర్డ్ 'కొమోడియా'. ఆ కోడ్ సరఫరా చేసిన ఇజ్రాయెల్ కంపెనీ పేరే. ఒక భద్రతా పరిశోధకుడు కొద్ది గంటల్లోనే దాన్ని విప్పేశాడు. ఆ తాళంచెవి ఉన్న ఎవడైనా కాఫీ హోటల్ వైఫైలో కూర్చుని పక్కవాడి బ్యాంకు లావాదేవీల మధ్యలో దూరిపోవచ్చు. 2017లో అమెరికా వాణిజ్య కమిషన్, 32 రాష్ట్రాలు కలిసి లెనోవోతో రాజీ కుదుర్చుకున్నాయి. కంపెనీ రాష్ట్రాలకు 35 లక్షల డాలర్లు కట్టింది. సూపర్‌ఫిష్ ఏ దేశపు కంపెనీ? అమెరికాది, కాలిఫోర్నియాలోనిది. బీజింగ్ నుంచి వస్తుందనుకున్న ముప్పు ప్రకటనల డబ్బుల కోసం పాలో ఆల్టో మీదుగా వచ్చింది.

అలాగని గూఢచారుల భయం వట్టిది కాదు. దొంగకు ఊరంతా దొంగలే కనిపిస్తారంటారు. ఈ విషయంలో పెద్ద దేశాలకు దొంగతనం స్వానుభవం. ఎన్ఎస్ఏ రహస్యాలను బయటపెట్టిన స్నోడెన్ పత్రాల్లో, 2014లో ప్రచురితమైన ఒక ఫోటో ఉంది. ఎన్ఎస్ఏ మనుషులు సిస్కో కంపెనీ అట్టపెట్టెను జాగ్రత్తగా తెరుస్తున్న ఫోటో. విదేశీ కొనుగోలుదారుకు వెళ్తున్న రూటర్లను దారిలో ఆపి, లోపల తమ సరుకు పెట్టి, సీలు వేసి పంపేవారు. కంపెనీకి కూడా తెలియకుండా. సోవియట్ ఇంజినీర్లు టైప్‌రైటర్లకు చేసింది దీనికన్నా వేరు కాదు.

అంతకుముందే మరింత తెగించిన పని జరిగింది. స్విట్జర్లాండ్‌లో క్రిప్టో ఏజీ అని ఒక సంకేత యంత్రాల కంపెనీ ఉండేది. తటస్థ దేశపు సరుకు గదా అని 120కి పైగా దేశాలు దాని దగ్గర యంత్రాలు కొన్నాయి. 1970లో అమెరికా సీఐఏ, పశ్చిమ జర్మనీ గూఢచార సంస్థ కలిసి ఆ కంపెనీనే గుట్టుగా కొనేశాయి. ఆ తర్వాత చాలా యంత్రాల్లో సంకేతాలు వాళ్లు విప్పడానికి వీలుగా తయారయ్యేవి. కొనుగోలుదారులు డబ్బు కట్టి మరీ తమ రహస్యాలు అప్పగించారు. 2020 ఫిబ్రవరిలో అమెరికా, జర్మనీ పాత్రికేయులు దీన్ని బయటపెట్టినప్పుడు కొనుగోలుదారుల జాబితాలో భారత్, పాకిస్థాన్ రెండూ ఉన్నాయి. ఒకరిమీద ఒకరు కన్నేసి ఉంచిన ఇద్దరూ ఒకే దుకాణంలో తాళాలు కొన్నారు.

అందుకే ప్రతి దేశమూ ఇప్పుడు పక్కదేశపు పెట్టెను అనుమానంగానే చూస్తోంది. 2014లో చైనా తన ప్రభుత్వ కొనుగోళ్లలో విండోస్ 8 వద్దంది. స్నోడెన్ సంగతులు బయటికొచ్చిన 2013లో రష్యా అధ్యక్ష భవనానికి భద్రత చూసే శాఖ టైప్‌రైటర్లకు ఆర్డరిచ్చిందని ఆ దేశపు పత్రిక రాసింది. టైప్‌రైటర్‌తో ఏం చేయొచ్చో వాళ్ల పూర్వీకులకన్నా బాగా తెలిసినవాళ్లు ఎవరుంటారని నవ్వుకున్నవాళ్లు లేకపోలేదు.

భయానికి ఆధారం కూడా అక్కర్లేదని 2018లో మరో కథ చూపించింది. సూపర్‌మైక్రో కంపెనీ సర్వర్ బోర్డుల్లో చైనా గూఢచారులు బియ్యపు గింజంత చిప్ దాచారని ఒక పెద్ద అమెరికా వార్తాసంస్థ రాసింది. ఆ బోర్డులు తమ దగ్గరికి చేరాయని ఆ కథనం చెప్పిన యాపిల్, అమెజాన్, వాటితోపాటు సూపర్‌మైక్రో, మూడూ ఖండించాయి. అలాంటి చిప్ ఉన్న బోర్డును ఒక్కదాన్ని కూడా ఇంతవరకు ఎవరూ బయటపెట్టలేదు. కంపెనీ షేరు ధర మాత్రం ఆ ఒక్క రోజులోనే కుప్పకూలింది.

అసలు ఒక కంప్యూటర్ ఏ దేశానిదో చెప్పడమే ఇప్పుడు కష్టం. హైదరాబాద్‌లో ఏఎండీ, ఇంటెల్, క్వాల్‌కామ్ డిజైన్ కేంద్రాల్లో వేల మంది చిప్పుల పనిలో ఉన్నారు. వాళ్లలో తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. గచ్చిబౌలిలో గీసిన భాగం కాలిఫోర్నియాలో గీసిన భాగంతో కలిసి, తైవాన్‌లో అచ్చయి, మలేషియాలో ప్యాకింగ్ అయి, చైనాలో బోర్డు మీదికెక్కి, పెట్టెలో పడుతుంది. తైవాన్‌లో ఆ అచ్చు వేసే యంత్రం నెదర్లాండ్స్‌ది. పెట్టె మీద రాసిన దేశం పేరు చివరి మరలు బిగించిన చోటును చెబుతుంది, అంతకుమించి దానికి ఏమీ తెలియదు.

మన దేశం కూడా ఈ గొడవలోకి దిగింది. 2020 జూలై 23న, భూసరిహద్దు ఉన్న దేశాల బిడ్డర్లు ప్రభుత్వ టెండర్లలో పాల్గొనాలంటే ముందుగా రిజిస్టర్ చేసుకోవాలని కేంద్రం నిబంధన తెచ్చింది. 2021 జూన్ 15 నుంచి టెలికాం కంపెనీలు నమ్మకమైన వనరుగా గుర్తింపు పొందినవారి పరికరాలే కొత్తగా కలుపుకోవాలి. 2023 ఆగస్టు 3న ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్లెట్ల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి అంటూ ఉత్తర్వు వచ్చింది. గగ్గోలు పుట్టడంతో మర్నాడే గడువు పొడిగించి, ఆ నవంబర్ నుంచి దాన్ని ఆన్‌లైన్ అనుమతి పద్ధతిగా మెత్తబరిచారు. 2025 ఏప్రిల్ నుంచి సీసీటీవీ కెమెరాలకు పరీక్షలు తప్పనిసరి. తయారీదారు హార్డ్‌వేర్‌తోపాటు సోర్స్ కోడ్ కూడా ల్యాబ్‌కు ఇవ్వాలి. వీటిలో నాకు అర్థవంతంగా అనిపించేది చివరిదే. జెండా చూసి ఆపడం కాకుండా పెట్టె విప్పి చూడమంటోంది గనుక. అయినా బాన్‌బరీలో ఎదురైన ప్రశ్న దాన్నీ వదలదు. ల్యాబ్‌లో చూసిన కోడే వీధి స్తంభం మీది కెమెరాలో ఉందా? వచ్చే నెల ఆ కెమెరాకు తయారీదారు పంపే అప్‌డేట్‌ను ఎవరు చూస్తారు? కొన్నాక పదేళ్లపాటు తయారీదారు చెయ్యి పెట్టె లోపలే ఉంటుంది.

ఈ చేతిని తెంపేసిన యంత్రం ఒకటి మనకు బాగా తెలిసినదే. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్, బెంగళూరులోని బెల్ అనే ప్రభుత్వ సంస్థలు ఓటింగ్ యంత్రాలు తయారుచేస్తాయి. లోపలి మైక్రోకంట్రోలర్ బయటి దేశంలో తయారైనదే. 2013 తర్వాతి యంత్రాల్లో ప్రోగ్రాంను ఆ రెండు సంస్థల్లోనే ఎక్కిస్తారు. ఒక్కసారి ఎక్కాక మార్చే వీలు ఉండదు, నెట్‌వర్కూ ఉండదు. వాటి చుట్టూ రాజకీయ వివాదాలున్నాయి, ఉంటాయి. కానీ విదేశీ చిప్‌ను వాడక తప్పనప్పుడు దాని దగ్గరికి ఎవరెవరి చేతులు చేరతాయో వీలైనంత తగ్గించడం ఎలాగో అందులో కనిపిస్తుంది. సెక్రటేరియట్ ల్యాప్‌టాప్‌కు ఈ పద్ధతి పెడితే అది రెండు నెలల్లో మూలన పడుతుంది. నెట్ లేకుండా, అప్‌డేట్ లేకుండా దానితో ఏ పని జరుగుతుంది?

చిప్ కూడా మనమే చేసుకుంటే అన్న ఆలోచన ఐఐటీ మద్రాసువాళ్లను 'శక్తి' ప్రాసెసర్ దాకా నడిపించింది. డిజైన్ మనది, ఎవరైనా చదవడానికి తెరిచి ఉన్నది. 2018లో దాని మొదటి రూపాన్ని 22 నానోమీటర్ల సాంకేతికతతో అమెరికాలోని ఒరెగాన్‌లో, ఇంటెల్ ఫ్యాక్టరీలో అచ్చు వేయించారు. తర్వాతి రూపాన్ని దేశంలోనే, చండీగఢ్ దగ్గరి ప్రభుత్వ సెమీకండక్టర్ లేబొరేటరీలో చేయగలిగారు. అక్కడున్న సాంకేతికత 180 నానోమీటర్లు. ఇంటెల్ ఆ కొలతతో పెంటియం-3 చిప్పులు అమ్మింది 1999లో. ఉపగ్రహానికి, క్షిపణికి అది చాలు, ఇస్రో దాన్ని వాడుతూనే ఉంది. కలెక్టరేట్‌లో ఫైళ్లు నడిపే కంప్యూటర్‌కు చాలదు. గుజరాత్‌లోని ధోలేరాలో టాటాలు కడుతున్న ఫ్యాక్టరీ 28 నానోమీటర్ల దాకా దిగుతుందంటున్నారు. అక్కడి సాంకేతికత తైవాన్ కంపెనీ పవర్‌చిప్‌ది.